ముందు కరెంటు తీయాలి, తర్వాత తుడవాలి

ఒక ఇంటి కథ

హైదరాబాదుకు తూర్పు వైపున దిల్‌సుఖ్‌నగర్ ఉంది. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే ఎల్.బి.నగర్ వస్తుంది. ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రైలు మొదలైంది. ఆ రైలు ఎక్కితే ఎల్.బి.నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ అని బోర్డులు వరుసగా కనబడతాయి. చదవడం వచ్చినవాళ్లు ఎవరినీ అడగకుండా దిగిపోతారు.

దిల్‌సుఖ్‌నగర్ నిండా హాస్టళ్లే. కోచింగ్ సెంటర్లే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఉండి చదువుకుంటారు. ఉద్యోగాల పరీక్షలకు తయారవుతారు. కంప్యూటర్ పనులు నేర్చుకుంటారు.

అలాంటి ఒక ఆడపిల్లల హాస్టల్లో ఒక తల్లి వంట చేస్తుంది. ఆమెది నల్గొండ జిల్లా. ఎల్.బి.నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని కూతురుతో ఉంటుంది. కూతురు డిగ్రీ చదువుతోంది. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సుకు పోతోంది. కోర్సుకు లాప్‌టాప్ కావాలి. తల్లి మహిళా సంఘంలో అప్పు తీసుకుని లాప్‌టాప్ కొన్నది. నెలకు 3,000 రూపాయల కిస్తీ. ఇంకా 7 కిస్తీలు కట్టాలి.

ఇలాంటి ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఈ ఇంట్లో జరిగింది ఎవరి ఇంట్లోనైనా జరగొచ్చు.

ఒక రాత్రి పది గంటలు దాటింది. మర్నాడు పొద్దున కూతురు తన ప్రాజెక్టు ఇవ్వాలి. నిద్ర రాకుండా ఉండాలని తల్లి చాయ్ పెట్టింది. గ్లాసు తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది. అప్పుడే బయట చినుకులు మొదలయ్యాయి. మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. కూతురు బట్టలు తేవడానికి పైకి పరుగెత్తింది.

చార్జరు తీగ నేల మీద అడ్డంగా ఉంది. ఎవరి కాలికైనా తగులుతుందని తల్లి దాన్ని పక్కకు జరపబోయింది. తీగ గ్లాసుకు తగిలింది. చాయ్ మొత్తం లాప్‌టాప్ మీద పడింది. అక్షరాల బటన్ల మధ్య నుంచి లోపలికి పోయింది. బొమ్మ మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

తల్లి గుండె ఆగినంత పనైంది. చేతులు వణికాయి. కొంగుతో గబగబా తుడిచేద్దాం అనుకుంది. తుడిచేసి, మూత పెట్టేసి, ఊరుకుందాం అనుకుంది. ఎవరూ చూడలేదు. రేపు ఆగిపోతే, దానంతట అదే ఆగిందని బిడ్డ అనుకుంటది కదా!

కొంగు పట్టిన చెయ్యి ఆగిపోయింది. హాస్టల్లో మిక్సీ మీద నీళ్లు పడితే ఆమె ఏం చేస్తుంది? ముందు తుడుస్తుందా? లేదు. ముందు స్విచ్చు ఆపుతుంది. ప్లగ్గు తీస్తుంది. ఆ తర్వాతే గుడ్డ అందుకుంటుంది. ఇదీ కరెంటు వస్తువే కదా.

ఆమె చేతులు పొడిగా తుడుచుకుంది. కాళ్లకు చెప్పులు వేసుకుంది. గోడ దగ్గర స్విచ్చు ఆపింది. మెట్ల దగ్గరికి పోయి గట్టిగా పిలిచింది.

“బిడ్డా, జల్దీ రా! కంప్యూటర్ మీద చాయ్ పడ్డది. నా చెయ్యి తగిలే పడ్డది.”

కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం తెల్లబోయింది. కానీ ఒక్క మాట అనలేదు. చార్జరు పిన్ను లాగేసింది. పవర్ బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది.

“అమ్మా, పది దాకా లెక్కపెట్టు.”

తల్లి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... పది అనకముందే బొమ్మ ఆరిపోయింది. అయినా పది దాకా చెప్పింది.

ఆ తర్వాత ఇద్దరూ నేల మీద మందం తువ్వాలు పరిచారు. లాప్‌టాప్‌ను తెరిచి ఉంచి, బటన్లు కిందికి వచ్చేలా బోర్లించారు. చదువుతూ చదువుతూ పుస్తకాన్ని బోర్లిస్తే గుడారంలా నిలబడుతుంది కదా, అట్లా నిలబెట్టారు. చాయ్ బొట్లు బొట్లుగా తువ్వాలు మీదికి దిగింది.

చప్పుడు విని పక్కింటామె వచ్చింది.

“అయ్యో వదినా, బియ్యం డబ్బాలో పెట్టరాదూ? మా వాడి ఫోను గట్లనే బాగైంది” అన్నది.

“వద్దు అత్తమ్మా. బియ్యం దుమ్ము లోపలికి పోతది. మా సార్ చెప్పిండు” అన్నది కూతురు.

అరగంట గడిచింది. పైన తడి కనబడటం లేదు. కూతురు కళ్లు ప్రాజెక్టు మీదే ఉన్నాయి.

“అమ్మా, పైన ఆరింది. ఒక్కసారి ఆన్ చేసి చూస్తా. ఒక్క నిమిషమే.”

ఈసారి తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు బిడ్డా. మన ఊర్ల బోరు మోటరు యాదికున్నదా? వానకు తడిసింది. మీ నాయన ఆగలేదు. పైన తుడిచి స్విచ్చు వేసిండు. వైండింగు కాలిపాయె. రెండు దినాలు ఆగుంటే మోటరు దక్కేది. పైన ఆరితే లోపల ఆరినట్టు కాదు.”

కూతురు బటన్ మీద నుంచి వేలు తీసేసింది. ఫ్యాను వేసి, లాప్‌టాప్‌ను ఫ్యాను కింద ఉంచి పడుకున్నారు. ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఏం చేయాలి?

లాప్‌టాప్ మీద నీళ్లు, చాయ్, మజ్జిగ ఏది పడినా పని ఒకటే. వరుస తప్పకూడదు.

1. మొదట కరెంటు. చేతులు పొడిగా ఉండాలి. కాళ్లకు చెప్పులు ఉండాలి. గోడ స్విచ్చు ఆపాలి. తర్వాత ప్లగ్గు తీయాలి. మన ఇంటి గోడ ప్లగ్గులో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. అది ప్రాణం తీయగలదు. ప్లగ్గు గానీ, స్విచ్చు బోర్డు గానీ తడిసి ఉంటే దాన్ని తాకకూడదు. ఇంటి మెయిన్ స్విచ్చు ఆపాలి. వస్తువు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. మనిషి పోతే తేలేం.

2. ప్లగ్గు తీసినా లాప్‌టాప్ ఆగదు. లోపల బ్యాటరీ ఉంటుంది. కాబట్టి పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. పది దాకా లెక్కపెట్టాలి. అప్పుడు పూర్తిగా ఆగుతుంది. పవర్ బటన్ గుర్తు ఇలా ఉంటుంది: ఒక సున్నా, దాని పైభాగంలో చిన్న సందు, ఆ సందులో ఒక నిలువు గీత. ఈ గుర్తు టీవీ రిమోటు మీద కూడా ఉంటుంది. లాప్‌టాప్ ఇంట్లో ఎవరిదైనా సరే, ఈ బటన్ ఎక్కడుందో అందరూ ముందే చూసి పెట్టుకోవాలి.

3. మౌసు, పెన్‌డ్రైవు, ఇయర్‌ఫోన్ లాంటివి తీసేయాలి. పాత లాప్‌టాప్‌లలో కొన్నిటికి బ్యాటరీ కింది వైపు నుంచి ఊడి వస్తుంది. అది వచ్చేదైతే తీయాలి. కొత్తవాటిలో బ్యాటరీ లోపల బిగించి ఉంటుంది. దాన్ని ఇంట్లో విప్పకూడదు.

4. మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. రుద్దితే తడి ఇంకా లోపలికి పోతుంది.

5. తువ్వాలు పరిచి, లాప్‌టాప్‌ను గుడారంలా బోర్లించాలి. అటూ ఇటూ ఊపకూడదు. ఊపితే ఒక మూల ఉన్న తడి అన్ని మూలలకూ పాకుతుంది.

6. ఫ్యాను గాలికి ఉంచాలి. మంచినీళ్లు కొద్దిగా పడినా కనీసం రెండు రోజులు ఆన్ చేయకూడదు. చార్జింగు పెట్టకూడదు.

7. వీలైనంత త్వరగా రిపేరు తెలిసినవారికి చూపించాలి. నీళ్లు కాక వేరే ఏది పడినా తప్పకుండా విప్పించి శుభ్రం చేయించాలి.

ఏం చేయకూడదు?

ఎండలో పెట్టకూడదు. మన ఎండలకు బ్యాటరీ వేడెక్కుతుంది. పాడవుతుంది.

పొయ్యి దగ్గర పెట్టకూడదు. జుట్టు ఆరబెట్టే వేడి గాలి మిషను పెట్టకూడదు. వేడికి ప్లాస్టిక్కు వంకర పోతుంది. లోపలి అతుకులు దెబ్బతింటాయి.

బియ్యంలో పెట్టకూడదు. బియ్యం మూసి ఉన్న పెట్టె లోపలి తడిని లాగలేదు. పైగా బియ్యపు పొడి, నూకలు సందుల్లోకి పోతాయి. ఫోన్లు తయారుచేసే ఆపిల్ కంపెనీ కూడా తడిసిన ఫోనును బియ్యంలో పెట్టవద్దని చెప్పింది. “మా ఇంట్లో బియ్యంలో పెడితే బాగైంది” అని కొందరు అంటారు. అది బియ్యం వల్ల బాగు కాలేదు. ఆ రెండు రోజులు ఆన్ చేయకుండా ఉంచడం వల్ల బాగైంది.

“పని చేస్తోందా” అని ఆన్ చేసి చూడకూడదు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే.

ఎందుకు ఇలా?

లాప్‌టాప్ లోపల ఒక పచ్చ పలక ఉంటుంది. దాని మీద చాలా సన్నని రాగి దారులు ఉంటాయి. ఆ దారుల్లో కరెంటు నడుస్తుంది. ఏ దారి కరెంటు ఆ దారిలోనే పోవాలి. మధ్యలో తడి పడితే రెండు దారులు కలిసిపోతాయి. కరెంటు తప్పు దారి పడుతుంది. పలక కాలిపోతుంది. కరెంటు లేకపోతే తడి ఉన్నా వెంటనే కాలదు. ఆరే దాకా మనకు సమయం దొరుకుతుంది. అందుకే ముందు కరెంటు తీయాలి.

రెండో సంగతి చిలుము. రాగి చెంబు తడిగా వదిలేస్తే ఏమవుతుంది? పచ్చగా చిలుము పడుతుంది. చింతపండు పెట్టి తోముతాం. లోపలి రాగి దారులకు కూడా చిలుము పడుతుంది. వాటిని మనం చింతపండుతో తోమలేం. తడితో పాటు కరెంటు కూడా ఉంటే ఆ చిలుము ఇంకా వేగంగా వస్తుంది. దారిని తినేస్తుంది. అందుకే కొన్ని లాప్‌టాప్‌లు తడిసిన తర్వాత వారం పది రోజులు బాగానే నడుస్తాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతాయి.

ఏది పడింది అన్నది కూడా ముఖ్యం. మంచినీళ్లు అన్నిటికన్నా నయం. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. ఆ పొరే లాప్‌టాప్ లోపల కూడా మిగులుతుంది. చాయ్‌లో చక్కెర, పాలు ఉంటాయి. నీరు ఆరినా జిగురు మిగులుతుంది. మజ్జిగ, సాంబారులో ఉప్పు, పులుపు ఉంటాయి. ఇవి చిలుమును తొందరగా తెస్తాయి. కూల్‌డ్రింకులో చక్కెర, పులుపు రెండూ ఉంటాయి. వీటిలో ఏది పడినా ఆరబెడితే చాలదు. విప్పి కడగాలి.

కడగడం అంటే నీళ్లతో కడగడం కాదు. త్వరగా ఆవిరయ్యే ఒక రకం స్పిరిట్ ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటారు. రిపేరు చేసేవారు ముందు బ్యాటరీ తీసి, మెత్తని బ్రష్షుతో ఆ స్పిరిట్ రాసి శుభ్రం చేస్తారు. దానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. కాబట్టి ఇంట్లో ఆ పని పెట్టుకోకూడదు.

రిపేరు షాపులో

తెల్లవారింది. కూతురు స్నేహితురాలి హాస్టలుకు పోయింది. రెండు రోజుల క్రితం తన ప్రాజెక్టును పెన్‌డ్రైవులో కూడా దాచింది. దాన్ని స్నేహితురాలి లాప్‌టాప్‌లో తెరిచింది. చివరి రెండు రోజుల పని అందులో లేదు. సార్‌కు ఫోను చేసి జరిగింది చెప్పింది. సార్ ఇంకొక రోజు గడువిచ్చాడు.

హాస్టల్లో పొద్దుటి వంట ముగించుకుని తల్లి వచ్చింది. ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేరు షాపుకు పోయారు. షాపు అబ్బాయి అడిగాడు:

“ఏం పడ్డదక్కా?”

కూతురు ఏదో అనబోయింది. తల్లే ముందు చెప్పింది:

“చాయ్ పడ్డది తమ్మీ. పాలు, చక్కెర వేసిన చాయ్. రాత్రి పదింటికి పడ్డది. వెంటనే కరెంటు తీసినం. మళ్ల ఆన్ చేయలే.”

“మంచి పని చేసిన్రు. చాలామంది ‘ఏం పడలేదు, దానంతట అదే ఆగింది’ అంటరు. ఏం పడ్డదో తెలియకపోతే ఎక్కడ వెతకాల్నో మాకు తెలియదు” అన్నాడు అబ్బాయి.

విప్పి చూపించాడు. బటన్ల పలక కింద గోధుమ రంగు జిగురు ఉంది. ఒక మూల తడి ఇంకా మెరుస్తోంది. కూతురు తల్లి వైపు చూసింది. రాత్రి ఆన్ చేసి ఉంటే? ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

పచ్చ పలక బాగానే ఉంది. బటన్ల పలక మాత్రం మార్చాలన్నాడు. తల్లి నాలుగు మాటలు అడిగింది.

“మొత్తం ఎంత అయితది? ముందే కాగితం మీద రాసియ్యి. ఎన్ని రోజులైతది? మార్చిన పాత సామాను మాకిస్తవా? కొత్త సామానుకు గ్యారంటీ ఎంత?”

అబ్బాయి కాగితం రాసిచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. అంకెలు మాత్రం తల్లికి తెలుసు. శుభ్రం చేయడానికి 600, బటన్ల పలకకు 1,800, మొత్తం 2,400. వేలు పెట్టి కూడి చూసుకుంది. సరిపోయింది. మిగతాది కూతురుతో చదివించుకుంది. కింద సంతకం చేయమని అబ్బాయి కలం ఇచ్చాడు. ఆమె తన పేరు నిదానంగా, పూర్తిగా రాసింది.

రిపేరు ఖర్చు అన్ని చోట్లా, అన్ని లాప్‌టాప్‌లకూ ఒకే రకంగా ఉండదు. అందుకే ఒప్పుకునే ముందే అడగాలి. కొత్త లాప్‌టాప్ అయితే ముందు కంపెనీ సర్వీసు సెంటరులో అడగాలి. మామూలు వారంటీలో నీళ్లు, చాయ్ పడిన నష్టాన్ని సాధారణంగా చేర్చరు. దానికి వేరే బీమా ఉంటుంది. కొన్నప్పుడు ఆ బీమా తీసుకున్నారో లేదో బిల్లులో చూడాలి. బిల్లు పారేయకూడదు. రిపేరులో మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోను చేయవచ్చు. ఆ నంబరు 1915.

లాప్‌టాప్ పోయినా అందులోని ఫైళ్లు చాలాసార్లు దక్కుతాయి. అవి వేరే భాగంలో ఉంటాయి. “ముందు నా ఫైళ్లు తీసివ్వండి” అని షాపులో అడగవచ్చు. అసలు ముఖ్యమైనవి రెండు చోట్ల దాచుకోవడం మంచిది. మార్కుల మెమోలు, ఆధార్ లాంటి కాగితాలను ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన డిజిలాకర్‌లో కూడా ఉంచుకోవచ్చు.

చెరువే ఇంట్లోకి వస్తే?

చాయ్ గ్లాసు ఒలకడం చిన్న ప్రమాదం. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోత వాన కురిసింది. బేగంపేట వాతావరణ కేంద్రంలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. సెంటీమీటరు కొలబద్ద తీసి 19 దగ్గర వేలు పెట్టి చూడండి. నేల మీద అంత ఎత్తు నీళ్లు ఒక్క రోజులో ఆకాశం నుంచి పడ్డాయి. పల్లపు చోట్లకు చుట్టుపక్కల నీళ్లన్నీ చేరి నడుము లోతు అయ్యాయి. ఎల్.బి.నగర్ వైపు చాలా కాలనీలు మునిగాయి. సరూర్‌నగర్ చెరువు నిండి, దాని దిగువన ఉన్న కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. బియ్యం, బట్టలు, టీవీలు, ఫ్రిజ్‌లు తడిశాయి. అది కరోనా కాలం. బడులు మూసి ఉన్నాయి. పిల్లలు ఫోన్లలో, లాప్‌టాప్‌లలో, టీవీలలో పాఠాలు వినే రోజులు.

అలాంటి వేళ కూడా సూత్రం అదే. ముందు కరెంటు.

నీళ్లు గడప దాకా రాకముందే మెయిన్ స్విచ్చు ఆపాలి. నీళ్లలో నిలబడి ఏ స్విచ్చునూ తాకకూడదు. మెయిన్ స్విచ్చు దగ్గరికే నీళ్లు వస్తే కరెంటు ఆఫీసుకు ఫోను చేయాలి. తెలంగాణలో ఆ నంబరు 1912. లాప్‌టాప్, ఫోను, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి అటక మీద పెట్టాలి. వరద నీళ్లలో మురుగు, బురద, ఉప్పు ఉంటాయి. అందులో మునిగిన ఏ కరెంటు వస్తువునూ, ఎంత ఆరినా, మెకానిక్ చూడకుండా ఆన్ చేయకూడదు.

తడిసిన లాప్‌టాప్, ఫోను వేడెక్కినా, ఉబ్బినా, పొగ వచ్చినా దగ్గర ఉండకూడదు. అందరూ బయటికి రావాలి. నిప్పు అంటుకుంటే 101కి ఫోను చేయాలి. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. రిపేరు షాపులో గానీ, పాత కరెంటు సామాను తీసుకునే చోట గానీ ఇవ్వాలి.

మన చేతి ఫోనుకు కూడా ఇదే పద్ధతి. తడిస్తే ఆపేయాలి. సిమ్ కార్డు తీయాలి. పూర్తిగా ఆరే దాకా చార్జింగు పెట్టకూడదు.

చివరికి ఏమైంది?

మూడో రోజు సాయంత్రం లాప్‌టాప్ ఇంటికి వచ్చింది. ప్రాజెక్టు దానికి ముందే, చివరి రెండు రోజుల పని మళ్లీ చేసి, స్నేహితురాలి లాప్‌టాప్ మీద నుంచి ఇచ్చేశారు. ఆ నెల కిస్తీ 3,000, రిపేరు 2,400. ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి హాస్టల్లో నాలుగు ఆదివారాలు అదనంగా పనిచేసింది.

ఒక రాత్రి కూతురు అడిగింది:

“అమ్మా, ఆ రోజు నేను ఇంట్ల లేను. తుడిచేసి ఊరుకుంటే నాకు తెల్వకపోవు. ఎందుకు పిలిచినవ్?”

“తుడిచేద్దామనే అనుకున్న బిడ్డా. భయమైంది. కానీ నువ్వు రేపు పొద్దున దాన్ని ఆన్ చేస్తవు గద. అప్పుడు మొత్తం పోతుండె. నువ్వు తిడితే నేను పడుదును. కంప్యూటర్ కాలితే నీ చదువు ఆగుతది.”

కూతురు ఇంకేమీ అనలేదు. లేచి చాయ్ గ్లాసులు రెండూ తీసి గట్టు మీద పెట్టింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో చాయ్ గట్టు మీద, లాప్‌టాప్ బల్ల మీద ఉంటాయి.

చాలామంది అక్కచెల్లెళ్లు ఇతరుల ఇళ్లలో, ఆఫీసుల్లో పనిచేస్తారు. బల్లలు తుడిచేటప్పుడు అక్కడా ఇలా జరగవచ్చు. మాట పడాల్సి వస్తుందని, జీతంలో కోస్తారని భయం ఉంటుంది. ఆ భయం నిజమే. అయినా మొదటి నిమిషంలోనే చెప్పడం మేలు. వెంటనే చెబితే వస్తువు దక్కే అవకాశం ఉంటుంది. దాచి పెడితే వస్తువు పోతుంది, నమ్మకం కూడా పోతుంది.

గుర్తుంచుకోండి

కరెంటు తీయి.
పది లెక్కపెట్టు.
బోర్లించు.
ఆన్ చేయకు.
దాచకుండా చెప్పు.

కొత్త మాటలు

కిస్తీ – అప్పును కొంచెం కొంచెంగా కట్టే వాయిదా
చిలుము – రాగి, ఇత్తడి మీద పట్టే పచ్చని తుప్పు
వోల్టు – కరెంటు ఒత్తిడికి కొలత
వారంటీ – వస్తువు పాడైతే బాగుచేసి ఇస్తామని కంపెనీ ఇచ్చే మాట
మెయిన్ స్విచ్చు – ఇంటి మొత్తానికి కరెంటు ఆపే స్విచ్చు

చెప్పండి

1. తల్లి కొంగుతో తుడవబోయి ఎందుకు ఆగింది?
2. ప్లగ్గు తీసినా లాప్‌టాప్ ఎందుకు ఆగదు?
3. మంచినీళ్లు పడటానికీ, చాయ్ పడటానికీ తేడా ఏమిటి?
4. షాపులో తల్లి అడిగిన నాలుగు మాటలు ఏవి?

లెక్క చేయండి

నెలకు 3,000 రూపాయల చొప్పున ఇంకా 7 కిస్తీలు కట్టాలి. మొత్తం ఎంత? దానికి రిపేరు ఖర్చు 2,400 కలిపితే ఎంత?

మాట్లాడుకోండి

ఇంట్లో గానీ, పని చేసేచోట గానీ ఏదైనా వస్తువు మీ చేతిలో పాడైందా? అప్పుడు చెప్పారా, దాచారా? తర్వాత ఏమైంది? కేంద్రంలో పది మందితో మాట్లాడండి.

రాయండి

1912, 1915, 101. ఈ మూడు నంబర్లను, ఏది ఎందుకో కూడా, పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో మెయిన్ స్విచ్చు పక్కన అంటించండి.